పడమటి మైదానంలో టార్నీట్ జనం

టార్నీట్ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర రాజధాని మెల్‌బోర్న్‌కు పడమటి శివారు. నగరం నడిబొడ్డు నుంచి దాదాపు 25 కిలోమీటర్లు. విండమ్ నగరపాలక పరిధిలోకి వస్తుంది. 2016 జనాభా లెక్కల్లో ఇక్కడ ఉన్నది 34,562 మంది. 2021లో 56,370 మంది. విండమ్ మొత్తంగా చూసినా అదే పరుగు: 2011లో 1,61,575 మంది ఉన్న ప్రాంతం పదేళ్లలో 2,92,011కు చేరింది. ఇంత వేగంగా ఊరు నిండినప్పుడు పాతకాపులు, కొత్తగా వచ్చినవాళ్లు అన్న తేడాకు పెద్దగా అర్థం ఉండదు. టార్నీట్‌లో దాదాపు అందరూ కొత్తవాళ్లే. ఎవరు ఏ దేశం నుంచి వచ్చారన్న దానికన్నా ఏ సంవత్సరం ఇల్లు కొన్నారు, ఎంత అప్పు మిగిలింది, పిల్లలు ఏ తరగతిలో ఉన్నారు అన్నవే ఇక్కడి మనుషులను ఎక్కువగా కలుపుతాయి, విడదీస్తాయి కూడా.

మెల్‌బోర్న్ నుంచి ఇక్కడికి రావాలంటే సదరన్ క్రాస్ స్టేషన్‌లో ఎక్కవలసింది సిటీలో తిరిగే కరెంటు రైలు కాదు, జీలాంగ్ నగరం వైపు వెళ్లే, వీలైన్ అనే ప్రాంతీయ రైలు సంస్థ నడిపే డీజిల్ బండి. ఫుట్‌స్క్రే, సన్‌షైన్ దాటి, డీర్ పార్క్ దగ్గర మలుపు తిరిగాక బయట బయలు కనిపిస్తుంది. గడ్డి, గిడ్డంగులు, కరెంటు స్తంభాలు, మళ్లీ గడ్డి. ప్రయాణం అరగంట. ఈ లైను 2015 జూన్ 21న మొదలైంది. అసలు ఉద్దేశం జీలాంగ్ బళ్లను వెరిబీ లోకల్ పట్టాల మీది నుంచి తప్పించడం. దూర ప్రయాణికుల కోసం వేసిన దారిలో శివారు ఊరికి ఒక స్టేషన్ దక్కింది. ఇప్పుడు వీలైన్ వ్యవస్థలో సదరన్ క్రాస్ తర్వాత బాగా రద్దీగా ఉండే స్టేషన్లలో టార్నీట్ ఒకటి. జీలాంగ్‌లో ఎక్కి సీటు పట్టుకున్నవారికి, టార్నీట్‌లో ఎక్కి నిలబడే వారికి మధ్య పొద్దున పూట మాటల్లేని పేచీ ఒకటి నడుస్తూ ఉంటుంది.

సాయంత్రం బండిలో దిగే జనాన్ని చూస్తే ఊరి స్వరూపం కొంత తెలుస్తుంది. మెడలో ఆఫీసు కార్డుతో, వీపున ల్యాప్‌టాప్ సంచీతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఆసుపత్రి దుస్తుల్లో నర్సులు. మెరిసే పసుపుపచ్చ చొక్కాలు తొడిగిన గిడ్డంగి కార్మికులు. హిజాబ్ కట్టుకున్న కాలేజీ అమ్మాయిలు. తలపాగాలు, బేస్‌బాల్ టోపీలు. ఫోన్లలో పంజాబీ, హిందీ, తెలుగు, ఉర్దూ, టగాలోగ్. స్టేషన్ బయట కార్ల మైదానంలోకి అడుగుపెట్టాక ఎవరి కారులో వారు. అక్కడితో ఆ కలయిక చెదిరిపోతుంది.

ఈ నేల చరిత్ర ఇళ్ల వయసు కన్నా చాలా పాతది. కులిన్ జాతుల ఆదివాసుల నేల ఇది. వెరిబీ నదికి పడమర వాడవురుంగ్ ప్రజలు ఉండేవారు. 1835లో తెల్లవారు పోర్ట్ ఫిలిప్ తీరానికి గొర్రెలతో వచ్చారు. ఆ మరుసటి ఏడాదే టార్నీట్‌కు వాయవ్యాన ఉన్న మౌంట్ కాట్రెల్ దగ్గర చార్లెస్ ఫ్రాంక్స్ అనే గొర్రెల యజమాని, అతని కాపరి హతమయ్యారు. దానికి ప్రతీకారంగా వెళ్లిన సాయుధ బృందం కనీసం పదిమంది ఆదివాసులను చంపింది. తర్వాత ఈ మైదానాన్ని చర్న్‌సైడ్ కుటుంబం ఏలింది. వారు 1870లలో కట్టుకున్న వెరిబీ పార్క్ మేడ ఇప్పుడు సందర్శకుల స్థలం. 20వ శతాబ్దం మొదట్లో వారి భూములు ముక్కలై చిన్న రైతుల చేతికి వచ్చాయి. అయినా ఉత్తరాన ఉన్న టార్నీట్ రాళ్ల నేలగానే మిగిలింది. అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి, దాని మీద తడిస్తే ఉబ్బి ఎండితే బీటలు వారే బంకమట్టి. రైతులు పొలాల్లో ఏరిన రాళ్లతో సున్నం లేకుండా పేర్చిన గోడలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. పునాది తీసేటప్పుడు రాయి తగిలి బిల్లు పెరిగిందన్న మాట ఇల్లు కట్టుకున్న చాలామంది నోట వినిపిస్తుంది.

వాన తక్కువ, నేల గట్టి, నగరానికి తూర్పున ఉన్న పచ్చని శివార్లతో పోలిస్తే చూపుకు ఆనదు. అందుకే ధర తక్కువ. మెల్‌బోర్న్‌కు 2002లో నగర విస్తరణ హద్దు గీశారు, 2010లో దాన్ని ఇంకా బయటికి జరిపారు. ఆ హద్దు లోపల పడిన పొలాలన్నీ వెంచర్లుగా మారాయి. తెలుగువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు: ఫ్లెక్సీలు, జెండాలు, మోడల్ ఇళ్లు, ముందు డిపాజిట్, ఆపైన రిజిస్ట్రేషన్ కోసం నిరీక్షణ. మొదటిసారి ఇల్లు కొనేవారికి 2017 జూలై నుంచి 6 లక్షల డాలర్ల వరకు స్టాంపు డ్యూటీ మినహాయింపు వచ్చింది. కొత్త ఇంటికైతే 10 వేల డాలర్ల గ్రాంటు కూడా ఉంది. 2020లో కోవిడ్ దెబ్బకు కుంగిన నిర్మాణ రంగానికి ఊతంగా కేంద్ర ప్రభుత్వం మరో 25 వేలు ప్రకటించింది. స్థలం మాత్రం ఏటేటా చిన్నదైంది. ఇప్పుడు 300 నుంచి 400 చదరపు మీటర్లు సాధారణం, అంటే సుమారు 360 నుంచి 480 గజాలు. హైదరాబాద్‌లో అది పెద్ద స్థలమే. నాలుగు పడక గదులు, రెండు కార్ల గ్యారేజీ కట్టే ఈ దేశపు అలవాటుకు మాత్రం పెరడు మిగలదు.

ఇక జనం లెక్క. ఆస్ట్రేలియాలో ఐదేళ్లకోసారి జనగణన జరుగుతుంది. పుట్టిన దేశం, తల్లిదండ్రుల జన్మదేశం, ఇంట్లో మాట్లాడే భాష, మతం, వంశమూలం వేర్వేరు ప్రశ్నలు. 2021లో దేశం మొత్తంలో భారతదేశంలో పుట్టినవారు 6,73,352 మంది. బయట పుట్టినవారిలో ఇంగ్లండ్ తర్వాత రెండో స్థానం వారిదే. టార్నీట్‌లో ఆస్ట్రేలియాలో పుట్టినవారి తర్వాత అతిపెద్ద సమూహం భారతీయులే. ఆస్ట్రేలియాలో పుట్టినవారిలోనూ చాలామంది ఆ ఇళ్ల పిల్లలే. ఇంగ్లీషు తర్వాత ఎక్కువగా వినిపించే భాష పంజాబీ. ఊరి సగటు వయసు దేశ సగటు కన్నా బాగా తక్కువ, ఇంటికి మనుషులు ఎక్కువ. ముసలివాళ్లు తక్కువగా, ముప్పైల్లో ఉన్న దంపతులు, చిన్నపిల్లలు ఎక్కువగా ఉన్న ఊరు.

ఒక ఆగస్టు రాత్రి తీసిన లెక్క ఇది. 2021 ఆగస్టు 10 నాటికి మెల్‌బోర్న్ లాక్‌డౌన్‌లో ఉంది, దేశ సరిహద్దులు ఏడాదిన్నరగా మూసి ఉన్నాయి. ఇండియాలో ఇరుక్కుపోయిన విద్యార్థులు ఆ లెక్కలో లేరు. 2022 ఫిబ్రవరిలో సరిహద్దులు తెరిచాక వచ్చినవారూ లేరు.

తెలుగువారిని ఈ లెక్కల్లో వెతకడం అంత సులువు కాదు. వారు పుట్టిన దేశం గడిలో భారతీయులు, వంశమూలం గడిలోనూ చాలామంది భారతీయులే. భాష గడిలో మాత్రమే తెలుగు బయటపడుతుంది. దేశవ్యాప్తంగా ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2016లో 34 వేల పైచిలుకు, 2021లో 59 వేల పైచిలుకు. ఐదేళ్లలో ఇంత పెరగడం ఘనమే. కానీ హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం ఉర్దూ గడిలోకి వెళ్తుంది. ఇంట్లో పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడేస్తున్న గుంటూరు దంపతులు నిజాయితీగా రాస్తే ఇంగ్లీషు గడిలో పడతారు. ఫిజీ నుంచి వచ్చిన భారతీయుల సంగతి మరీ చిత్రం: 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువారు చాలామంది ఉన్నారు. వారి మునిమనవళ్లు ఇప్పుడు ఫిజీలో పుట్టినవారిగా, హిందీ మాట్లాడేవారిగా నమోదవుతారు. ఇంటిపేరు చివరి రెడ్డి, నాయుడు ఒక్కటే ఆనవాలు.

ఊరి భారతీయ ముఖం ప్రధానంగా పంజాబీ. వారి రాకకు చరిత్ర ఉంది. 1890ల్లోనే విక్టోరియా పల్లెల్లో గుర్రబ్బండి మీద బట్టలు, సూదులు, దారాలు అమ్ముకుంటూ తిరిగిన సిక్కు వర్తకులు ఉన్నారు. 1901 వలస నియంత్రణ చట్టం ఆ దారి మూసేసింది. ఆ చట్టం వెనకున్న శ్వేత ఆస్ట్రేలియా విధానం 1973లో పూర్తిగా పోయింది. ఇప్పటి తరం వచ్చింది ఎక్కువగా 2000ల తర్వాత, విద్యార్థి వీసాల మీద. పశ్చిమ శివార్లలో లారీ రవాణా, గిడ్డంగులు ఉన్నాయి. పక్కనే ట్రుగనీనా, లావర్టన్ నార్త్, డెరిమట్‌లలో మైళ్ల కొద్దీ రేకుల షెడ్లు. లారీ లైసెన్సు తీసుకున్న యువకుడికి ఇక్కడ ఇల్లు కొనడమంటే పనికి దగ్గర కావడం. దేశంలో పంజాబీ మాట్లాడేవారు 2016–2021 మధ్య 80 శాతం పెరిగి 2,39,033కు చేరారు. టార్నీట్‌లో డేవిస్ రోడ్డు గురుద్వారా ఆ పెరుగుదలకు కంటికి కనిపించే గుర్తు. ఆదివారం లంగర్‌లో కూర్చునేవారిలో పంజాబీలు కానివారు కూడా తక్కువేం ఉండరు. దిగిన కొత్తలో గది, ఉద్యోగం దొరికేదాకా అక్కడ కడుపు నింపుకున్నామని చెప్పే తెలుగు విద్యార్థులు మెల్‌బోర్న్‌లో కనిపిస్తారు.

తెలుగువారి దారి వేరు. వారిలో ఎక్కువమంది మాస్టర్స్ చదివి, లేదా ఐటీ కంపెనీ పంపితే వచ్చి, పాయింట్ల లెక్కలో శాశ్వత నివాసం తెచ్చుకున్నవారు. వయసుకు, ఇంగ్లీషుకు, అనుభవానికి, చదువుకు పాయింట్లు. ఒకటి రెండు పాయింట్లతో ఏళ్లు గడిచిపోయే ఆ పోటీలో మాతృభాషకూ చోటుంది: అనువాదకులకు గుర్తింపునిచ్చే నాటీ సంస్థ పెట్టే సీసీఎల్ పరీక్షలో తెలుగు–ఇంగ్లీషు సంభాషణలను అటూ ఇటూ చెప్పగలిగితే 5 పాయింట్లు. అమ్మ భాష వీసాకు పనికొస్తుందని తెలిశాక, ‘మధ్యవర్తిత్వం’, ‘బీమా పరిహారం’ లాంటి మాటలను కోచింగుకు డబ్బు కట్టి నేర్చుకున్న యువతరం ఇది. ఆ పరీక్షలో నెగ్గినవారే ఇంట్లో పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడటం కూడా ఇక్కడి మామూలు దృశ్యమే.

2009ని మరచిపోయి ఈ ఊరి గురించి చెప్పడం కుదరదు. ఆ ఏడాది మెల్‌బోర్న్‌లో భారతీయ విద్యార్థుల మీద వరుస దాడులు జరిగాయి. మే నెలలో ఒక తెలుగు విద్యార్థి తలకు స్క్రూడ్రైవర్ పోటుతో చావుబతుకుల మధ్యకు వెళ్లాడు. మే 31న వేలమంది ఊరేగింపుగా వచ్చి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముందు బైఠాయించారు. అప్పట్లో రాత్రి షిఫ్టు ముగించుకుని పశ్చిమ శివార్లకు రైలెక్కిన కుర్రవాళ్లే పదేళ్లకు టార్నీట్ వెంచర్లలో గృహప్రవేశాలు చేసుకున్నారు.

తర్వాత భయం గురి మారింది. 2017 చివర్లో టార్నీట్‌లోని ఎకోవిల్ పార్కు కమ్యూనిటీ కేంద్రం ధ్వంసమైంది, గోడల మీద రాతలు వెలిశాయి. పత్రికలు, టీవీలు దానికి ‘ఆఫ్రికన్ ముఠాలు’ అన్న ముద్ర వేశాయి. 2018 జనవరిలో కేంద్ర మంత్రి పీటర్ డటన్, మెల్‌బోర్న్ జనం రాత్రిపూట హోటళ్లకు వెళ్లడానికి కూడా భయపడుతున్నారన్నారు. నగరవాసులు తమ భోజనాల ఫొటోలు పెట్టి ఆ మాటను ఎగతాళి చేశారు. దక్షిణ సూడాన్ కుటుంబాల పిల్లలు మాత్రం ఆ ఎగతాళితో బయటపడలేకపోయారు. వారికి ఉద్యోగ ఇంటర్వ్యూలో, బస్టాపులో ఆ ముద్ర వెంట వచ్చింది. ఆ ఏడాది నవంబరు రాష్ట్ర ఎన్నికల్లో శాంతిభద్రతలే పెద్ద ప్రచారాంశమయ్యాయి, లేబర్ పార్టీ గెలిచింది. వాట్సాప్ గ్రూపుల్లో ఆఫ్రికన్ పొరుగువారి గురించి భారతీయులు రాసుకున్న మాటలు, 2009లో తమ గురించి ఇతరులు అన్నవాటి కన్నా పెద్ద భిన్నంగా లేవు. ఈ ఊరి కలగూరలో ఇది చేదు ముక్క, తీసి పక్కన పెట్టడం సరికాదు.

మిగతా సమూహాలు చాలానే ఉన్నాయి. ఫిలిప్పీన్స్ నర్సులు, పాకిస్తాన్ కుటుంబాలు, శ్రీలంక వారు, న్యూజిలాండ్ పాస్‌పోర్టు మీద వచ్చిన మావోరీ, సమోవా ప్రజలు, విండమ్‌లో స్థిరపడిన బర్మా కరెన్ శరణార్థులు. వెరిబీ సౌత్‌లో 1920ల నుంచి కాలీఫ్లవర్, పాలకూర పండించిన ఇటాలియన్ కుటుంబాలు ఈ ప్రాంతపు తొలి వలస తరాల్లో ఒకటి. టార్నీట్ దుకాణాల్లోకి ఇప్పటికీ వారి కూరగాయలు వస్తాయి.

బడుల పటం గీస్తే ఊరి మతాల పటం చాలావరకు వస్తుంది. థామస్ కార్ కాలేజీ కేథలిక్కులది, 1997లో మొదలైంది. గుడ్ న్యూస్ కాలేజీ లూథరన్‌ల బడి. వూటెన్ రోడ్డులో ఇస్లామిక్ కాలేజ్ ఆఫ్ మెల్‌బోర్న్ ఉంది, సేయర్స్ రోడ్డు మీద ట్రుగనీనా వైపు అల్ తఖ్వా కాలేజీ. పక్క ఊరు హాపర్స్ క్రాసింగ్‌లో మసీదు పేరు వర్జిన్ మేరీ మసీదు. మరియమ్మ తల్లి క్రైస్తవులకూ ముస్లింలకూ పూజ్యురాలని చెప్పడానికే ఆ పేరు. ఇవన్నీ కాక ప్రభుత్వ బడులు. కేథలిక్ బడిలో హిందూ పిల్లలు చదవడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. గుంటూరు లయోలాలో, సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్‌లో చదివిన తల్లిదండ్రులకు అసలే కాదు.

గుళ్ల విషయంలో తెలుగువారికి మైళ్లు లెక్క. మెల్‌బోర్న్‌లో పెద్దదైన శివ విష్ణు ఆలయం కారమ్ డౌన్స్‌లో ఉంది. 1994లో కుంభాభిషేకం జరిగింది. అది నగరానికి అవతలి కొస. దగ్గరలో సన్‌షైన్ మురుగన్ కోవెల, రాక్‌బ్యాంక్ దుర్గ గుడి. ఒకటి తమిళులు నడిపేది, ఇంకొకటి ఉత్తరాది పద్ధతి. శ్రావణ శుక్రవారం టార్నీట్ తెలుగు గృహిణి రాక్‌బ్యాంక్‌లో హిందీ హారతి పాడి, ఇంటికొచ్చి వరలక్ష్మి తోరం కట్టుకుంటుంది. వ్రతాలు, సత్యనారాయణ పూజలు ఇళ్లలోనే, గ్యారేజీలు ఖాళీ చేసి. బతుకమ్మ అద్దె హాళ్లలో. సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఇక్కడ వసంతం. తంగేడు, గునుగు దొరకవు, దొరికిన పూలే బతుకమ్మ. సంక్రాంతి మండువేసవిలో వస్తుంది. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఆరుబయట మంటల మీద ఆంక్షలుంటాయి కాబట్టి భోగి మంట మాట మరచిపోవాలి. ఉగాది ఆకురాలు కాలంలో. వేపచెట్టు ఈ చలికి బతకదు, ఎండిన వేపపువ్వు పొట్లాలు కిరాణా కొట్లోనే కొనుక్కోవాలి.

వాస్తు ఇక్కడ ప్రత్యేకమైన తలనొప్పి. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరపు ఆకాశం మీదుగా పోతాడు. చలికాలంలో ఎండ కావాలంటే హాలు ఉత్తరం వైపు ఉండాలి. వాస్తు పుస్తకాలు రాసింది ఉత్తరార్ధగోళపు ఎండను బట్టి. కొందరు సిద్ధాంతులు దిక్కులు తిప్పమంటారు, కొందరు కూడదంటారు. తూర్పు ముఖం స్థలానికి మాత్రం ఎప్పుడూ గిరాకీయే. ఆ గిరాకీ తెలిసిన బిల్డర్లు వాస్తు ప్లాన్లను ప్రకటనల్లోనే పెడతారు. తాలింపు వాసన ఇల్లంతా పాకకుండా వెనక రెండో వంటగది కూడా ఇప్పుడు ప్లాన్‌లో భాగం. చైనా కుటుంబాల అవసరానికి మొదలైన ఏర్పాటు తెలుగు వంటకూ సరిపోయింది.

తిండి దగ్గర తెలుగు జాడ గట్టిగానే ఉంది. మెల్‌బోర్న్ పడమట హైదరాబాదీ బిర్యానీ, దోసె వ్యాపారం ఫుట్‌స్క్రే దగ్గర ఊపందుకుంది. 2007లో అక్కడ మొదలైన దోసా హట్ తర్వాత నగరమంతా విస్తరించింది. టార్నీట్ కిరాణా కొట్లలో సోనా మసూరి బస్తాల పక్కనే పంజాబీ గోధుమపిండి సంచులు, కరాచీ మసాలాలు. దేశంలోకి మొక్కలు, విత్తనాలు తేవడానికి జీవభద్రత చట్టం అంత సులువుగా ఒప్పుకోదు, విమానాశ్రయంలో జరిమానాలు గట్టివి. అందుకే కరివేపాకు మొక్క చేతులు మారుతూ ఇంటింటికీ చేరుతుంది. చలికాలంలో కుండీతో సహా ఇంట్లోకి వస్తుంది. గోంగూరను వసంతంలో నాటితే వేసవిలో కోతకొస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో దాని చుట్టాన్ని రోసెల్లా పేరుతో జామ్ చేసుకుంటారు, అక్కడివారికి అది కాయల కోసం పెంచే మొక్క.

పొద్దున తొమ్మిది తర్వాత వీధుల్లో నడిచేది ఎక్కువగా తాతలు, అమ్మమ్మలు. సందర్శక వీసా మీద ఏడాదికి మించకుండా వచ్చి, మనవల బడి వేళలకు అలవాటుపడి, తిరుగు టికెట్టు రోజు లెక్కపెట్టుకునేవారు. తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకోవాలంటే కాంట్రిబ్యూటరీ వీసాకు రెండో విడతలోనే ఒక్కొక్కరికి 43,600 డాలర్లు, పైగా ఏళ్ల తరబడి క్యూ. 2019లో మూడేళ్లు, ఐదేళ్లు ఉండనిచ్చే తాత్కాలిక పేరెంట్ వీసా వచ్చింది, అదీ చౌక కాదు. కారు నడపలేని పెద్దలకు టార్నీట్ దూరాలు పెద్దవి. బస్సులు తక్కువ. ఉత్తరం వైపు కొత్త కాలనీల కోసం పిలిస్తే వచ్చే ఫ్లెక్సీరైడ్ బస్సు పెట్టారు, దాన్ని ముందుగా బుక్ చేసుకోవాల్సి వచ్చేది. కాబట్టి చెరువు గట్టో పార్కు బెంచీయో చాలు. అక్కడ భీమవరం రైతు, లూధియానా రిటైర్డ్ మాస్టారు తమకు వచ్చిన అరకొర హిందీలో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటారు.

రాజకీయాల్లో ఈ జనం ఇంకా తమ సంఖ్యకు తగ్గట్టు లేరు. రాష్ట్ర అసెంబ్లీలో టార్నీట్ నియోజకవర్గం 2002లో ఏర్పడింది. మొదటి నుంచీ లేబర్ పార్టీదే. మేరీ గిల్లెట్, టిమ్ పల్లాస్, టెల్మో లాంగ్విలర్, సారా కానొలీ, డిలన్ వైట్ వరుసగా గెలిచారు. వీరిలో లాంగ్విలర్ ఉరుగ్వేలో పుట్టారు. ఈ ప్రాంతపు పార్లమెంటు స్థానం లేలర్‌కు 1998 నుంచి 2013 వరకు ప్రతినిధిగా ఉండి ప్రధాని అయిన జూలియా గిలార్డ్ కూడా వేల్స్‌లో పుట్టి చిన్నతనంలో వలస వచ్చినవారే. భారతీయ మూలాలున్న ఎమ్మెల్యే టార్నీట్‌కు ఇంకా రాలేదు. కారణాల్లో పౌరసత్వం ఒకటి. శాశ్వత నివాసులకు అసెంబ్లీ, పార్లమెంటు ఓటు లేదు. భారత్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి నీలిరంగు పాస్‌పోర్టు వదులుకుని ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి, ఆ నిర్ణయం చాలా ఇళ్లలో ఏళ్లు పడుతుంది. విక్టోరియాలో నగరపాలక ఎన్నికలకు మాత్రం పౌరులు కాకపోయినా ఆస్తి పన్ను కట్టేవారు దరఖాస్తు పెట్టి ఓటు నమోదు చేయించుకోవచ్చు. ఆ సంగతి తెలియని తెలుగు ఇంటి యజమానులు టార్నీట్‌లో ఇంకా చాలామందే ఉన్నారు.